పాత ఫోన్‌లో బంగారం: విషం చిమ్మకుండా తీసే పద్ధతులున్నాయి.. మరి మీ ఫోన్ ఎక్కడికి వెళ్తోంది?

హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్ కాలనీల్లో ఉండేవాళ్లకు ఈ గొంతు బాగా తెలుసు. ట్రాలీ ఆటో మీద ఒక స్పీకర్. 'పాత ఇనుప సామాన్లు కొంటాం.. పాత బ్యాటరీలు, పాత ఫ్రిజ్‌లు, పాత కంప్యూటర్లు కొంటాం..' రోజంతా అదే రికార్డు. అప్పుడప్పుడు ఇంకో బండి కూడా వస్తుంది. పగిలిన సెల్‌ఫోన్ ఇస్తే ప్లాస్టిక్ టబ్బో, స్టీలు గిన్నో ఇస్తామంటుంది. బీరువా అరలో మూడేళ్లుగా పడి ఉన్న ఫోన్ తీసి ఇచ్చేస్తాం. టబ్బు ఇంట్లోకి వస్తుంది, ఫోన్ బండిలోకి వెళ్తుంది. బేరం అయిపోయింది అనుకుంటాం.

కానీ ఆ ఫోన్‌లో కాస్త బంగారం ఉంది. వెండి, పల్లాడియం, రాగి కూడా ఉన్నాయి. వాటిని గాలిని, నీటిని పాడుచేయకుండా బయటకు తీసే పద్ధతులు ప్రపంచంలో చాలాచోట్ల సిద్ధమయ్యాయి. వాటిలో ఒకటి మన చెర్లపల్లిలోనే రూపుదిద్దుకుంది. అయినా మన ఫోన్లలో ఎక్కువ భాగం ఆ దారిన వెళ్లడం లేదు. ఎందుకు? సమస్య సైన్స్‌లో ఉందా, మన గుమ్మం దగ్గర ఉందా?

అసలు ఫోన్‌లో బంగారం ఎంత?

బంగారం తుప్పు పట్టదు, కరెంటును బాగా మోస్తుంది. అందుకే సర్క్యూట్ బోర్డు మీద, సిమ్ తగిలే చోట, చిప్‌ల కాళ్ల మీద పల్చటి పూతగా వాడతారు. ఒక్కో ఫోన్‌లో ఉండేది సుమారు 30 మిల్లీగ్రాములని అంచనా. గ్రాము పది వేల రూపాయలని లెక్క వేసుకున్నా మూడు వందలు. ఒక్క ఫోన్‌తో ఎవరూ ధనవంతులు కారు.

లెక్క మారేది టన్నుల్లో. గనిలో తవ్వే ముడి ఖనిజంలో టన్నుకు కొన్ని గ్రాముల బంగారమే ఉంటుంది. ఎంతోమంది తెలుగువాళ్లు పనిచేసిన కోలార్ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడటానికి ఒక కారణం ఇదే, తవ్వే ఖర్చుకు దొరికే బంగారం చాలలేదు. అదే టన్ను పాత ఫోన్లలో, బ్యాటరీలు తీసేశాక, 300 గ్రాముల దాకా ఉంటుందని లెక్కలు చెబుతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ 300 గ్రాముల మాట విని 'చెత్తంతా బంగారమే' అనుకోకూడదు. టోక్యో ఒలింపిక్స్ పతకాల కోసం జపాన్ 2017 నుంచి 2019 దాకా ప్రజల దగ్గర పాత పరికరాలు సేకరించింది. 78,985 టన్నుల చిన్న పరికరాలు, వాటిలో దాదాపు 62 లక్షల ఫోన్లు వచ్చాయి. తీసిన బంగారం 32 కిలోలు, వెండి 3,500 కిలోలు. దాదాపు 5,000 పతకాలకు సరిపోయింది. కానీ మొత్తం బరువుతో పోలిస్తే బంగారం టన్నుకు అర గ్రాము కూడా కాదు. మిక్సీ, హెయిర్ డ్రయర్, ఫోన్ అన్నీ కలిపితే లెక్క అలాగే ఉంటుంది. అందుకే దేన్ని విడిగా సేకరించాం, ఎలా వేరు చేశాం అన్నదే ఈ వ్యాపారానికి ప్రాణం.

దేశంలో ఎంత పోగవుతోంది?

ప్రభుత్వ లెక్కల ప్రకారం 2019-20లో దేశంలో ఈ-వేస్ట్ 10 లక్షల టన్నులు. 2023-24కి అది 17.5 లక్షల టన్నులకు చేరింది. ప్రపంచం మొత్తం మీద 2022లో 6.2 కోట్ల టన్నులు పోగైతే, పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కల్లో ఉన్నది 22.3 శాతమే. ఆ ఏడాది చెత్తలోని లోహాల విలువ 9,100 కోట్ల డాలర్లు. అందులో బంగారం వాటా సుమారు 1,500 కోట్ల డాలర్లు.

ఇప్పుడు ఎలా తీస్తున్నారు?

ట్రాలీ ఆటోలోకి వెళ్లిన ఫోన్ చేతులు మారుతుంది. పనికొచ్చే డిస్‌ప్లే, కెమెరా, స్పీకర్ రిపేర్ దుకాణాలకు వెళ్తాయి. ఇందులో తప్పేం లేదు. నిజానికి పాత భాగాన్ని మళ్లీ వాడటం కన్నా పచ్చటి పద్ధతి లేదు. మిగిలిన సర్క్యూట్ బోర్డులను కిలోల లెక్కన అమ్ముతారు. అవి లాట్లుగా పోగై ఊరు దాటుతాయి.

చిక్కు అక్కడ మొదలవుతుంది. అనధికార షెడ్లలో బోర్డును మంట మీద వేడి చేసి చిప్‌లు ఊడదీస్తారు. తర్వాత నైట్రిక్, హైడ్రోక్లోరిక్ యాసిడ్లు కలిపిన ద్రావణంలో ముంచుతారు. బంగారాన్ని కరిగించగల ఈ మిశ్రమాన్ని ఆక్వా రీజియా అంటారు. కొన్నిచోట్ల సైనైడ్ వాడతారు. బంగారం అడుగున మిగులుతుంది, వాడేసిన ద్రావణం కాలువలోకి పోతుంది. బోర్డులోని సీసం, మంటలు అంటకుండా కలిపే బ్రోమిన్ రసాయనాలు, ప్లాస్టిక్ కాలినప్పుడు పుట్టే డయాక్సిన్లు గాలిలో, మట్టిలో, ఆ పని చేసేవాళ్ల ఊపిరితిత్తుల్లో చేరతాయి. ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో ఏళ్ల తరబడి జరిగింది ఇదే. రామగంగ ఒడ్డున పోసిన నల్ల బూడిద వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

ఇంత చేసినా బంగారం మొత్తం దక్కుతుందా అంటే, అదీ లేదు. 2000ల మధ్యలో బెంగళూరులో స్విస్ పరిశోధకులు చేసిన అధ్యయనంలో ఇలాంటి యాసిడ్ పద్ధతిలో నాలుగో వంతు బంగారమే చేతికొస్తోందని తేలింది. ఆధునిక ప్లాంటులో అది 95 శాతం. అంటే విషం మనకు మిగులుతోంది, బంగారంలో ముప్పావు వంతు నేలపాలవుతోంది.

పర్యావరణానికి హాని తక్కువ చేసే పద్ధతులేంటి?

ప్రస్తుతం వినిపిస్తున్న ప్రధాన దారులు నాలుగు.

మొదటిది, మూసిన ప్లాంటు. చెర్లపల్లిలోని సీ-మెట్ కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ కింద పనిచేసే ప్రయోగశాల. సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు తీసే సాంకేతికతను ఇక్కడ అభివృద్ధి చేశారు. ఇలాంటి ప్లాంటులో జరిగేది క్లుప్తంగా ఇదీ: ముందు బోర్డు మీది భాగాలను యంత్రంతో ఊడదీస్తారు. బోర్డును మూసిన కొలిమిలో వేడి చేస్తారు. వచ్చే పొగను బయటకు వదలకుండా శుద్ధి చేస్తారు. మిగిలినదాన్ని కరిగిస్తే రాగి ఎక్కువగా ఉన్న ముద్ద వస్తుంది. దాన్ని ద్రావణంలో పెట్టి కరెంటు పంపితే స్వచ్ఛమైన రాగి ఒకవైపు చేరుతుంది, బంగారం, వెండి, పల్లాడియం అడుగున బురదలా పేరుకుంటాయి. ఆ బురద నుంచి ఒక్కోదాన్ని వేరు చేస్తారు. రసాయనాలు ఇక్కడా ఉంటాయి, కాకపోతే కొద్ది మోతాదులో, లెక్కలో, మూతలోపల. కేంద్రం, రాష్ట్ర ప్రభుత్వం, గ్రీన్‌కో సంస్థ భాగస్వామ్యంలో ఈ-వేస్ట్ నిర్వహణపై ప్రత్యేక కేంద్రం కూడా ఇక్కడే ఏర్పాటైంది.

రెండోది, సూక్ష్మజీవులు. అసిడిథయోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా ఇనుము, గంధకాల మీద బతుకుతూ రాగిని కరిగించే ద్రావణాన్ని తనే తయారు చేస్తుంది. రాగి తీసే గనుల్లో దీన్ని చాలాకాలంగా వాడుతున్నారు. బంగారానికి క్రోమోబ్యాక్టీరియం అనే మరో జాతి ఉంది. అది అతి కొద్ది మోతాదులో సైనైడ్‌ను పుట్టించి బంగారాన్ని కరిగిస్తుంది. ఖర్చు, వేడి రెండూ తక్కువ. కానీ గంటల్లో అయ్యే పనికి రోజులు పడతాయి. లోహాల గాఢత పెరిగితే బ్యాక్టీరియా చనిపోతుంది.

మూడోది, ప్రొటీన్ స్పంజి. జున్ను తయారీలో మిగిలే విరుగుడు నీటిలోని ప్రొటీన్‌తో స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు ఒక స్పంజి చేశారు. 2024లో ఆ ఫలితాలు వచ్చాయి. 20 పాత కంప్యూటర్ మదర్‌బోర్డుల లోహ భాగాలను యాసిడ్‌లో కరిగించి, అందులో స్పంజి వేశారు. అది మిగతా లోహాల కన్నా బంగారాన్ని ఎక్కువగా పట్టుకుంది. చివరికి 450 మిల్లీగ్రాముల ముద్ద వచ్చింది. నాణ్యత దాదాపు 22 క్యారెట్లు. గమనించండి, ఇక్కడ కూడా మొదటి మెట్టులో యాసిడ్ ఉంది.

నాలుగోది, కొత్త ద్రావణాలు. నాణేలు ముద్రించే బ్రిటన్ రాయల్ మింట్ 2024లో సౌత్ వేల్స్‌లో ఒక ప్లాంటు తెరిచింది. కెనడా సంస్థ ఎక్సిర్ పద్ధతితో, గది ఉష్ణోగ్రత దగ్గరే బోర్డుల నుంచి బంగారం కరిగిస్తారు. ఏడాదికి 4,000 టన్నుల బోర్డులు దాని సామర్థ్యం. ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ యూనివర్సిటీ వాళ్లు 2025లో ఇంకో దారి చూపించారు. ఈత కొలనుల నీటిని శుభ్రం చేసే రసాయనాన్ని ఉప్పు నీటితో కలిపి బంగారాన్ని కరిగించారు. సైనైడ్, పాదరసం అవసరం లేకుండా పోయింది.

ఇకపై ఎక్కడైనా 'గ్రీన్ పద్ధతి' అని వార్త చదివితే మూడు ప్రశ్నలు వేసుకోండి. పొగ ఎటు పోతోంది? వాడేసిన నీరు ఎటు పోతోంది? బంగారం తీశాక మిగిలిన తొంభై తొమ్మిది శాతం చెత్త ఏమవుతోంది? మూడింటికీ జవాబు ఉంటేనే అది పచ్చటి పద్ధతి.

హైదరాబాద్‌లోనే ఇంత పరిజ్ఞానం ఉంటే అడ్డేంటి?

కీలక ఖనిజాల మిషన్ కింద కేంద్రం 2025లో దేశంలో తొమ్మిది ప్రత్యేక పరిశోధనా కేంద్రాలను గుర్తించింది. వాటిలో మూడు మన చుట్టూనే ఉన్నాయి. చెర్లపల్లి సీ-మెట్, కంచన్‌బాగ్‌లోని ఎన్ఎఫ్‌టీడీసీ, కందిలోని ఐఐటీ హైదరాబాద్. ఎల్బీనగర్ చౌరస్తా నుంచి కంచన్‌బాగ్ ఎంత దూరమో మీకు తెలుసు. కాబట్టి అడ్డు సైన్స్ కాదు. అడ్డు సేకరణ.

డబ్బు లెక్క చూడండి. 2022 నవంబర్‌లో నోటిఫై అయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం బాధ్యత కంపెనీలది. ఫోన్లు, టీవీలు అమ్మే కంపెనీ అందులో కొంత శాతానికి సమానంగా రీసైకిల్ చేయించాలి. 2023-24, 2024-25కి 60 శాతం, తర్వాతి రెండేళ్లకు 70 శాతం, 2027-28 నుంచి 80 శాతం. కంపెనీ తానే సేకరించక్కర్లేదు. రిజిస్టర్ అయిన రీసైక్లర్ దగ్గర సర్టిఫికెట్లు కొంటే చాలు.

ఆ సర్టిఫికెట్ల ధర మరీ పడిపోతోందని ప్రభుత్వం 2024లో కనీస ధర పెట్టింది. గృహోపకరణాలకు కిలోకు రూ.22, స్మార్ట్‌ఫోన్లకు రూ.34. ఇది భారమంటూ కొన్ని పెద్ద కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి.

ఇప్పుడు మీ ఫోన్‌కు ఈ లెక్క వేయండి. 200 గ్రాముల ఫోన్‌కు కిలో రూ.34 చొప్పున వచ్చేది ఏడు రూపాయల లోపే. హయత్‌నగర్‌లో ఒక కాలనీ చివరి ఇంటికి మనిషిని, బండిని పంపి, ఫోన్ తీసుకుని, రసీదు ఇచ్చి, గోదాముకు చేర్చడానికి ఆ ఏడు రూపాయలు ఏ మూలకు? పాత సామాన్ల ఆటో మాత్రం ఎలాగూ ఆ వీధిలోనే తిరుగుతోంది, అక్కడికక్కడే డబ్బు చేతిలో పెడుతోంది. పోటీలో ఎవరు గెలుస్తారో చెప్పనక్కర్లేదు.

ఇంకో లోపం కూడా ఉంది. ఈ సర్టిఫికెట్లను బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము అనే నాలుగు లోహాల లెక్కన ఇస్తారు. వెండి, పల్లాడియం వంటివి తీసినా ఆ లెక్కలో చేరవు. రీసైక్లర్ వాటి కోసం అదనపు ఖర్చు ఎందుకు పెట్టుకుంటాడు? ఈ ఖాళీని కొంత పూడ్చేందుకే 2025 సెప్టెంబర్‌లో కేంద్ర కేబినెట్ కీలక ఖనిజాల రీసైక్లింగ్‌కు రూ.1,500 కోట్ల ప్రోత్సాహక పథకం ఆమోదించింది. మూడో వంతు చిన్న, కొత్త సంస్థలకు కేటాయించారు.

ఆటోనగర్‌కు దీంతో పనేంటి?

పై పథకం వర్తించే తుక్కులో ఈ-వేస్ట్, లిథియం బ్యాటరీలతో పాటు పాత వాహనాల క్యాటలిటిక్ కన్వర్టర్లు కూడా ఉన్నాయి. పొగ గొట్టం దారిలో, తేనెతుట్టెలా ఉండే ఈ భాగానికి ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. విషవాయువులను తగ్గించేది అదే. కార్ల సైలెన్సర్లను రాత్రికి రాత్రి ఊడదీసుకుపోయే ముఠాలు హైదరాబాద్‌లో పట్టుబడ్డది ఈ లోహాల కోసమే.

విజయవాడ హైవే మీద వెళ్లేవాళ్లందరికీ తెలిసిన మన ఆటోనగర్ ఏళ్లుగా వాహనాల మరమ్మతులకు పేరు. ఫోన్లు ఇంటింటికీ చెదిరి ఉంటాయి, వాహనాల భాగాలు మాత్రం గ్యారేజీల దగ్గర ఒకేచోట పోగవుతాయి. సేకరణ ఖర్చు తక్కువ. పాత వాహనాల తుక్కుపై కొత్త నిబంధనలు 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. తూర్పు హైదరాబాద్‌లో విలువైన లోహాల సేకరణ మొదలుపెట్టాలంటే ఆటోనగర్ కన్నా అనువైన చోటు కనిపించదు.

బండివాళ్లను ఆపేస్తే సరిపోతుందా?

సరిపోదు. ఇంటింటికీ చేరే శక్తి ఇవాళ వాళ్లకే ఉంది. ఫోన్ సేకరించడం, విప్పడం, భాగాలు వేరు చేయడం చేతి నైపుణ్యంతో అయ్యే పని. యంత్రం కన్నా మనిషి చేతిలోనే అది శుభ్రంగా జరుగుతుంది. ప్రమాదమంతా ఆ తర్వాతి మెట్టులో, మంటలో, యాసిడ్‌లో ఉంది. కాబట్టి సేకరణ వాళ్ల చేతిలోనే ఉంచి, బోర్డును మాత్రం ప్లాంటుకు మళ్లించాలి. దానికి బోర్డు కిలోకు షెడ్డువాడు ఇచ్చే ధర కన్నా ప్లాంటు ఇచ్చే ధర ఎక్కువ ఉండాలి. 95 శాతం బంగారం తీయగలిగే ప్లాంటుకు, 25 శాతం తీసే షెడ్డు కన్నా ఎక్కువ ఇవ్వగల స్తోమత ఉంటుంది. బోర్డులు సరిపడా వస్తేనే సుమా.

కొనేటప్పుడే కొంత డిపాజిట్ కట్టించుకుని, పాత వస్తువు తిరిగిచ్చినప్పుడు వాపసు ఇచ్చే పద్ధతి 2016 నిబంధనల్లోనే ఒక మార్గంగా ఉంది. అలాంటిది అమలైతే ప్లాస్టిక్ టబ్బుకు పోటీ దొరుకుతుంది.

ఇప్పుడు మీరేం చేయొచ్చు?

ముందు మీ డేటా సంగతి. 2024 జూలైలో గోదావరిఖనిలో పోలీసులు బిహార్‌కు చెందిన ముగ్గురిని పట్టుకుని, దాదాపు 4,000 పాత ఫోన్లు స్వాధీనం చేసుకున్నారు. వీధుల్లో సామాన్లు ఇచ్చి కొన్న ఆ ఫోన్లు సైబర్ నేరగాళ్ల కోసమేనని పోలీసులు చెప్పారు. కాబట్టి ఎవరికిచ్చినా సరే, ఈ పనులు చేశాకే ఇవ్వండి.

- ఫోన్ ఆన్ అవుతుంటే ఫొటోలు బ్యాకప్ చేసుకోండి. గూగుల్ లేదా యాపిల్ అకౌంట్ నుంచి లాగౌట్ అయ్యి, ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. సిమ్, మెమరీ కార్డు తీసేయండి.
- పనిచేసే ఫోన్ అయితే ముందు ఇంట్లో ఇంకెవరికైనా పనికొస్తుందేమో చూడండి. తర్వాతే ఎక్స్‌ఛేంజ్.
- బ్యాటరీ ఉబ్బి ఉంటే నొక్కొద్దు, గుచ్చొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు. ఆ విషయం ఇచ్చేటప్పుడు చెప్పండి.
- స్వచ్ఛ ఆటోలో తడి, పొడి చెత్తతో కలిపి వేయొద్దు. నలిగితే బ్యాటరీ అంటుకోవచ్చు.
- ఫోన్ కంపెనీ వెబ్‌సైట్‌లో పాత పరికరాలు వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉందేమో చూడండి. రీసైక్లర్ అని వచ్చినవాళ్లకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ-వేస్ట్ పోర్టల్‌లో సరిచూసుకోండి. రసీదు అడగండి.

ఒక్క ఫోన్ కోసం రీసైక్లర్ బండి హయత్‌నగర్ దాకా రాదు. మూడు వందల ఇళ్ల కాలనీ ఒకే ఆదివారం ఫోన్లు, ఛార్జర్లు, మోడెంలు, పాత సీపీయూలు కమ్యూనిటీ హాల్లో పోగేస్తే వస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, రిపేర్ షాపులు కలిస్తే ఇంకా తేలిక. ఇది కాలనీ సంక్షేమ సంఘం ఒక మీటింగ్‌లో తేల్చగలిగే పని.

మున్సిపల్ కార్పొరేషన్‌ను అడగాల్సింది కూడా ఒకటుంది. చెత్తలో కలిసిన ఈ-వేస్ట్‌ను వేరు చేసి రిజిస్టర్ అయిన రీసైక్లర్‌కు చేర్చే బాధ్యతను నిబంధనలు స్థానిక సంస్థల మీదే పెట్టాయి. కూల్చిన ఇళ్ల శిథిలాలకు ఫతుల్లాగూడలో ప్లాంటు పెట్టగలిగిన నగరం, వార్డుకో ఈ-వేస్ట్ డబ్బా, నెలకో సేకరణ తేదీ పెట్టలేదా? ఈసారి వార్డు ఆఫీసుకు వెళ్లినప్పుడు అడగండి: మా వార్డులో ఈ-వేస్ట్ ఎక్కడ ఇవ్వాలి, ఏ రోజు ఇవ్వాలి, అది ఏ రీసైక్లర్‌కు వెళ్తుంది? ఈ మూడింటికీ జవాబు వచ్చేదాకా, బీరువాలోని ఫోన్‌ను టబ్బుకు మాత్రం ఇవ్వకండి.